వాడి చూసి పంపండి

(విజయవాడలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు కలుసుకున్న ఒక ఆదివారం ఉదయం ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాశాం. మాట తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు కాస్త కిందికి దించుతారా... చాలు, చాలు. ఫ్యాను మాత్రం తగ్గించొద్దండీ. ఈ బెజవాడ ఎండకి మైకు లేకపోయినా గొంతు పెంచుకుంటాను గానీ, ఫ్యాను లేకపోతే నావల్ల కాదు. (నవ్వులు)

నేను దుగ్గిరాల వైపు ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. ఒకటి నుంచి ఐదు దాకా ఇద్దరమే టీచర్లం. కంప్యూటర్ కోర్సులేవీ చెయ్యలేదు. మా స్కూల్ కాంప్లెక్సులో, అంటే చుట్టుపక్కల బడుల గుంపులో, ఎవరికి ఏ వర్క్‌షీట్ కావాలన్నా నాకు ఫోన్ చేస్తుంటారు, ఆ సంగతి ఈ ఒడ్డుకి కూడా చేరినట్టుంది, నన్ను పిలిచారు.

నిన్న రాత్రి ఫోన్ ముందేసుకుని ఒక లెక్క తీశాను. నేనున్న టీచర్ల వాట్సాప్ గ్రూపులు 14. వారం రోజుల్లో వాటిలోకి వచ్చిన పీడీఎఫ్‌లు 200 పైచిలుకు. నేను తెరిచినవి ఆరు. క్లాసులో వాడింది ఒక్కటి. ఆ ఒక్కటీ ఎందుకు తెరిచానంటే, పంపినావిడ కింద రెండు ముక్కలు రాసింది: "మూడో తరగతికి ఇచ్చాను. నాలుగో లెక్క దగ్గర అందరూ ఆగిపోయారు, అది కొట్టేసి ఇవ్వండి." ఆవిడెవరో నాకు తెలియదు. కానీ ఆవిడ ఆ కాగితాన్ని పిల్లల ముందు పెట్టి చూసిందని తెలిసింది. మిగతా 200 పంపినవాళ్లు చూశారో లేదో తెలియదు. నాకూ అలా పంపే అలవాటు ఉండేది లెండి. వచ్చింది వచ్చినట్టు నాలుగు గ్రూపుల్లోకి తోసేసి, పుణ్యం వచ్చిందనుకుని పడుకునేదాన్ని.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ రెండు ముక్కల గురించే.

ముందు నా అనుభవం ఒకటి చెప్తాను. ఇంగ్లీషు మీడియం వచ్చిన కొత్తలో ఒకటో తరగతికి అక్షరాల షీట్లు కావాలి. నెట్‌లో వెతికితే రంగురంగుల షీట్లు, అన్నీ ఉచితం. దింపేశాను, జెరాక్స్ తీయించాను. మొదటి పేజీలో 'ఏ ఫర్ ఏకార్న్'. చిన్న కాయ, నెత్తిన టోపీ. నేనూ సరిగా చూడలేదు. ఇదేంటి అని అడిగితే ముందు వరసలో ఒక పిల్లాడు ఠక్కున లేచి, "వక్క టీచర్! మా నాయనమ్మ నములుద్ది" అన్నాడు. (నవ్వులు) ఆ సమాధానానికి సున్నా వేస్తామా? టోపీతో సహా అచ్చం వక్కకాయలాగే ఉంది మరి. ఏకార్న్ అంటే ఓక్ చెట్టు కాయ. మన గుంటూరు జిల్లాలో ఓక్ చెట్టు ఎవరు చూశారు?

ఇంకోసారి నాణేల షీట్. అమెరికా వాళ్లది. పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్. క్వార్టర్ అంటే మా ఊళ్లో పిల్లలకి తెలిసిన అర్థం వేరే ఉంది, మీకు చెప్పక్కర్లేదు. (నవ్వులు) అలాగే కాలాల షీట్. స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్. మా పిల్లలకి ఉన్నవి ఎండాకాలం, వానాకాలం, చలికాలం. పుస్తకంలో ఆరు ఋతువులు ఉంటాయి. ఈ నాలుగూ ఎక్కడ పెట్టమంటారు?

అలాగని ఆ షీట్లన్నీ పారెయ్యమని కాదు. ఆ నాణేల షీట్‌లో ఒక మంచి ఆలోచన ఉంది. ఒక డాలర్‌ని ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు అని అడుగుతారు. ఆ అడిగే తీరు తీసుకున్నాను, బొమ్మలు వదిలేశాను. కొట్టుకెళ్లి పది రూపాయలు ఇవ్వాలి, దగ్గర రూపాయి, రెండు, ఐదు, పది బిళ్లలు ఉన్నాయి, ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు? నాలుగో తరగతి పిల్లలకి ఇచ్చాను. మొదటిరోజు ఆరు రకాలు దొరికాయి. మర్నాడు తొమ్మిది. వాళ్లలో ఒకమ్మాయి నాన్న సోడాబండి నడుపుతాడు, ఆ గల్లాపెట్టె ముందు కూర్చుని మిగతా రెండూ పట్టుకొచ్చింది. మొత్తం 11 రకాలు. నమ్మకపోతే ఇంటికెళ్లి వేసి చూసుకోండి.

సరే, వెతకడం. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి వెతుకుతారు. అలా కొడితే యాడ్లు తగిలించిన వీడియోలే ముందు వస్తాయి. తెలుగు లిపిలో కొట్టండి. 'గుణింతాలు వర్క్‌షీట్' అని తెలుగులోనే కొడితే వచ్చేవి వేరు. పక్కన ఇంగ్లీషులో ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని ఖాళీ లేకుండా చేరిస్తే పీడీఎఫ్‌లు మాత్రమే వస్తాయి.

అయినా తక్కువే వస్తాయి. ఎందుకో మీకు తెలుసా? మన తెలుగు టీచర్లు ముప్పై ఏళ్లుగా తయారు చేసినదాంట్లో ఎక్కువ భాగం పాతకాలం డీటీపీ ఫాంట్లలో ఉండిపోయింది. ఆ ఫాంట్లు ఏం చేసేవంటే, ఇంగ్లీషు అక్షరానికి ఉండే గదిలో తెలుగు అక్షరం బొమ్మని కూర్చోబెట్టేవి. మన కంటికి తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం ఇంగ్లీషు. ఆ ఫాంటు లేని ఫోన్‌లో తెరిస్తే డిగ్రీ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, కామాలు. మీ అందరికీ అనుభవమే. ఒక మాస్టారు రిటైరవుతూ ఇరవై ఏళ్ల ప్రశ్నపత్రాలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చారు నాకు. పెద్ద మనసుతో ఇచ్చారు. ఒక్కటీ తెరుచుకోలేదు. చివరికి అరండల్‌పేటలో ఒక డీటీపీ కుర్రాడి దగ్గర కూర్చుని కొన్నిటిని మార్పించుకున్నాను, మిగతావి అలాగే ఉన్నాయి.

యూనికోడ్ అంటే ప్రతి భాష అక్షరాలకీ కంప్యూటర్‌లో విడిగా గదులు ఇచ్చే పద్ధతి. అందులో తెలుగుకి 1991లోనే సొంత గదులు ఇచ్చారు. ఫోన్‌లో మనం కొట్టే తెలుగు అదే. వెతికితే దొరికేది అదే. కాబట్టి కొత్తగా ఏది తయారుచేసినా యూనికోడ్‌లో చెయ్యండి. మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, ఈ పేర్లతో మంచి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. అచ్చుకి బాగుంటాయి. చేత్తో రాసి ఫోటో తీసి పంపినా తప్పు లేదు, నేనూ పంపుతాను. కాకపోతే ఫోటో లోపల ఏముందో గ్రూపులో వెతికితే దొరకదు. పైన ఒక లైను టైపు చెయ్యండి, అది చాలు.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయానికి వస్తాను. కథలు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్లు చేతులెత్తండి... పర్లేదు, సిగ్గేమీ లేదు. అందులో బొమ్మల కథలు చాలా భాషల్లో ఉంటాయి, తెలుగులోనూ బోలెడు. ఉచితంగా దింపుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. చదవగలిగే స్థాయిని బట్టి కథలకి మెట్లు ఉంటాయి. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. కథని మనం మార్చుకోవచ్చు కూడా. రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు చెప్తే చాలు, అందుకు అనుమతి ఉంది.

ఆ మెట్ల దగ్గరే ఒక చిక్కుంది. ఇది ఆ కథలకే కాదు, ఇంగ్లీషులోంచి వచ్చిన ఏ పిల్లల కథకైనా ఉండేదే. ఇంగ్లీషులో 'సన్' మూడక్షరాల మాట, మొదటి మెట్టు పిల్లాడికి సరిపోతుంది. తెలుగులోకి వచ్చేసరికి అది 'సూర్యుడు' అవుతుంది. రకి యవత్తు, దానికి కొమ్ము. మా రెండో తరగతిలో ఒక బాబు ఉన్నాడు, గుణింతాలు వచ్చు, ఒత్తులు ఇంకా పట్టుబడలేదు. సూ... అన్నాడు, ఆగాడు. వేలు ఆ అక్షరం మీదే ఉంది. నా వంక చూశాడు. మళ్లీ పుస్తకం వంక చూశాడు. పుస్తకం మూసేశాడు. మొదటి పేజీ, మొదటి మాట.

ఆ రాత్రి కూర్చుని ఆ కథని మార్చాను. సూర్యుడు తీసి 'సూరీడు' పెట్టాను. ఒత్తు లేదు చూడండి. వర్షం తీసి వాన. చంద్రుడు తీసి చందమామ. వృక్షం ఉంటే మాను. నక్షత్రాల దగ్గర మాత్రం ఇరుక్కున్నాను. చుక్కలు అందామంటే కకి కవత్తు ఉంది. కానీ చుక్క అన్న మాట ముగ్గుల దగ్గర్నుంచీ ఆ పిల్లలకి తెలుసు గనక ఉంచేశాను, ఒక్క ఒత్తుకి అలవాటు పడనిద్దామని. మర్నాడు ఆ బాబు ఎనిమిది పేజీలు చదివాడు. ఎక్కడా గుక్క తిప్పుకోలేదు అంటే అబద్ధం, రెండు చోట్ల ఆగాడు. కానీ పుస్తకం మూయలేదు.

నాతో పనిచేసే ఒక మాస్టారు ఆ కథ చూసి, "సూరీడు గ్రామ్యం కదండీ, పుస్తకంలో సూర్యుడనే ఉండాలి" అన్నారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండవేసి వాడుక భాష గొప్పదని మైకులో చెప్తాం. 30వ తేదీ క్లాసులోకి వెళ్లగానే సూరీడు గ్రామ్యమైపోతాడు. (చప్పట్లు) సూర్యుడు ఎలాగూ వస్తాడండీ. మూడో తరగతికల్లా వస్తాడు. అప్పటిదాకా సూరీడితో నడవనివ్వండి.

అందుకని తెలుగు కథ దింపినప్పుడు మెట్టు నంబరు చూసి ఇచ్చెయ్యకండి. పెన్సిల్ తీసుకుని ఒత్తులకి సున్నా చుట్టండి. పేజీకి ఎన్ని సున్నాలు పడ్డాయో చూస్తే ఎవరికివ్వాలో మీకే తెలుస్తుంది. ఐదు నిమిషాల పని.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్రభుత్వం నడిపే డిజిటల్ పాఠాల వేదిక దీక్షా 2017 సెప్టెంబరు 5న మొదలైంది. మన పాఠ్యపుస్తకాల్లోనే పాఠం దగ్గర నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ ఉంటుంది. ట్రైనింగులో అందరం ఒకసారి స్కాన్ చేసి వదిలేశాం, నిజం చెప్పండి. అన్నీ బాగుంటాయని చెప్పను, కొన్ని వీడియోలు నాకే నిద్ర తెప్పిస్తాయి. కానీ మన సిలబస్‌కి నేరుగా కలిసేది, ముందు రోజు యాప్‌లో దింపుకుంటే క్లాసులో నెట్ లేకుండా నడిచేది. అక్కడ మొదలుపెట్టి, లేనివాటికే బయటికి వెళ్లండి.

లెక్కలకీ సైన్సుకీ ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే కదిపి చూసే ప్రయోగాలు. భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. భిన్నాలవి నేను ఫోన్‌లో దింపి పెట్టుకున్నాను. అయితే ముందు ఫోన్ చూపించను. ముందు దిబ్బరొట్టె. ఇంటి నుంచి ఒకటి కాల్చుకుని వెళ్తాను, నలుగురికి కోస్తాం, ఎనిమిది మందికి కోస్తాం. రొట్టె అయిపోయాక ఫోన్. అప్పుడు తెర మీద గుండ్రాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే, "మన రొట్టె!" అంటారు.

అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్ ఒకటి. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజినీరు, జీవితమంతా చెత్తలోంచి బొమ్మలు చేసి పిల్లలకి సైన్సు చెప్పారు. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు చేయిస్తారు. త్రిభుజం నొక్కితే కదలదు, చతురస్రం వంగిపోతుంది. దానికి నాకైన ఖర్చు ఒక అగ్గిపెట్టె, మా ఊరి సైకిల్ షాపులో అడుక్కున్న జానెడు ట్యూబు. ఇంటికెళ్తూ అందరూ పైకి చూశారు. కరెంటు టవర్‌లో ఎన్ని త్రిభుజాలున్నాయో లెక్కపెట్టారు.

ఇప్పుడు నా తప్పు ఒకటి. జంతువుల అరుపుల వీడియో ఒకటి గ్రూపులో వచ్చింది. మొదటి రెండు నిమిషాలు చూశాను, బాగుంది. క్లాసులో టీవీకి కలిపి పెట్టి, రిజిస్టరు రాసుకుంటున్నాను. వీడియో అయిపోయింది, దానంతటదే ఇంకొకటి మొదలైంది. దెయ్యాల వీడియో. నేను తల ఎత్తేసరికి ఒకటో తరగతి పిల్లలు బల్లల కింద ఉన్నారు. ఒక పాప మూడు రోజులు బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి అడిగితే ఏం చెప్పను? అప్పట్నుంచి ఏ వీడియో అయినా చివరి సెకను దాకా ఇంట్లో చూస్తాను, దింపుకునే వీలున్నవి దింపుకుంటాను, ఆటోప్లే ఆపేస్తాను. ఇంకొకరికి పంపితే ఎన్నో నిమిషం దాకా చూపించాలో రాస్తాను.

కాపీరైట్ గురించి అడుగుతూ ముందే ఇద్దరు చీటీలు పంపారు. మనకి భయపడాల్సినంత లేదు, బొత్తిగా పట్టించుకోనక్కర్లేనంతా కాదు. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఉంది. పాఠం చెప్పే క్రమంలో టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ తీసుకుంటే అది ఉల్లంఘన కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ఫోటోకాపీ కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపునే గట్టిపరిచింది. కాబట్టి క్లాసులో పిల్లలకి జెరాక్స్ ఇవ్వడం ఒకటి. ఎవరిదో పుస్తకం మొత్తం స్కాన్ చేసి వేలమంది ఉన్న ఛానల్‌లో పెట్టడం ఇంకొకటి. రెంటినీ కలపకండి.

క్రియేటివ్ కామన్స్ అంటే తయారు చేసినవాళ్లే ముందుగా అనుమతి ఇచ్చేసినట్టు చెప్పే గుర్తు. అది ఉన్నవాటికి అడగక్కర్లేదు, పక్కనున్న అక్షరాలు చూసుకుంటే చాలు. బీవై అంటే పేరు చెప్పాలి. ఎస్ఏ అంటే మీరు మార్చి పంచేదాన్ని కూడా అదే షరతుతో ఇవ్వాలి. ఎన్‌సీ అంటే అమ్ముకోకూడదు. ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు. ఎన్‌డీ మనకి ముఖ్యం, ఎందుకంటే తెలుగు చెయ్యడం కూడా మార్చడం కిందికే వస్తుంది.

ఈ అక్షరాలు నేనెందుకు నేర్చుకున్నానో చెప్పనా? నేను చేత్తో గీసిన గుణింతాల షీట్లు 24 పేజీలు గ్రూపులో పెట్టాను. రెండేళ్ల తర్వాత ఒక స్టేషనరీ షాపులో పుస్తకంగా కనిపించాయి. పైన ఎవరిదో లోగో. 'ఘ' దగ్గర నా పెన్ను జారి గీత పడింది, ఆ గీతతో సహా అచ్చేశారు. నేనే కొనుక్కున్నాను ఒకటి, 60 రూపాయలు పెట్టి. (నవ్వులు) ఇప్పుడు ప్రతి పేజీ అడుగున బీవై-ఎన్‌సీ అని రాస్తున్నాను. దొంగ ఆగుతాడని కాదు. నిజాయితీపరుడికి ఏం చెయ్యొచ్చో తెలుస్తుందని.

పంచుకోవడం మనవైపు కొత్తేమీ కాదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు మా వైపు, పెదవడ్లపూడికీ కొల్లిపరకీ మధ్య కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు. పడవలో పట్టేవి ఎన్ని పుస్తకాలు? ఏవి ఎక్కించాలో ఎంచుకోక తప్పదు. మన ఫోన్‌కి ఆ ఇబ్బంది లేదు. అదే మన కొంప ముంచింది. స్టోరేజ్ ఫుల్ అని వచ్చినప్పుడు తప్ప మనకి ఎంపిక గుర్తురాదు.

మా కాంప్లెక్సులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. వారానికి ఒకరు ఒక్కటే పంపాలి, అదీ క్లాసులో వాడాకే. ఫైలు పేరు తరగతి, సబ్జెక్టు, పాఠం. 'ఫైనల్ 2 కొత్తది' లాంటి పేర్లు కుదరవు. కింద రెండు ముక్కలు: ఏ పిల్లలకి ఇచ్చారు, ఎక్కడ ఆగారు. పిల్లల మొహాలు, మార్కులు ఉన్న ఫోటోలు పెట్టకూడదు. ఈ మధ్య ఏఐతో చేసిన బొమ్మల షీట్లు వస్తున్నాయి. బొమ్మలు భలే ఉంటాయి, బొమ్మలో ఉన్న తెలుగు అక్షరాలు మాత్రం ఏ గుణింతంలోనూ లేనివి. అక్షరం అక్షరం చూడకుండా వాటిని ఒకటో తరగతికి ఇవ్వొద్దని ప్రత్యేకంగా రాసుకున్నాం. మొదట్లో గ్రూపు మూగబోయింది. రెండు వారాలు ఒక్క పోస్టూ లేదు. అంటే అప్పటిదాకా వచ్చినవేవీ ఎవరూ వాడినవి కావన్నమాట. మూడో వారం ఒకాయన తీసివేతల షీట్ పెట్టి, "సగం మంది పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు, అది పైనున్నా కిందున్నా. ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు" అని రాశారు. ఆ రాత్రి పదకొండు దాకా గ్రూపులో మాట్లాడుకున్నాం.

టైమ్ అయిందంటున్నారు. ఎవరైనా అడగాలంటే...

(ఒక ఉపాధ్యాయిని: "మేడమ్, మా బడిలో టీవీ లేదు, జెరాక్స్ డబ్బులు మా చేతివే. ఇవన్నీ ఎలా?")

మాకూ అంతే అమ్మా. 30 మందికి 30 జెరాక్సులు తియ్యకండి. ఒకటి తీసి అట్టకి అంటించి, పైన ప్లాస్టిక్ కవర్ తొడిగితే దాని మీదే స్కెచ్‌తో రాసి తుడుచుకోవచ్చు. మా దగ్గర నాలుగు గుంపులకి నాలుగు అట్టలు, మూడేళ్ల నుంచి నడుస్తున్నాయి. చాలా షీట్లకి అసలు కాగితమే అక్కర్లేదు, ప్రశ్న బోర్డు మీద రాస్తే సరిపోతుంది. ఇందాక చెప్పిన పది రూపాయల లెక్కకి ఏం ఖర్చయింది?

(వెనక నుంచి ఒకరు: "ఆ సూరీడు కథ మాకూ పంపండి టీచర్!")

పంపుతాను. ఇవాళ కాదు, మంగళవారం. ఐదో పేజీలో ఒక ఒత్తు నా కంటపడలేదు. ఆ బాబే పట్టుకున్నాడు, వేలు పెట్టి చూపించాడు. అది దిద్దాక పంపుతాను.